తోతాపురి రైతుల ఇంటర్వ్యూలు, థీసిస్ పని: ఏఐకి ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు?

మామిడితోపు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ. అంశం చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతులు, పల్ప్ ఫ్యాక్టరీల కొనుగోళ్లు. చేతిలో ఉన్నవి: 200 మంది రైతుల ప్రశ్నావళి ఎక్సెల్ షీటులో, ఫోన్లో తీసిన 42 ఇంటర్వ్యూ రికార్డింగులు. ఒక్కోటి అరగంట పైచిలుకు, దామలచెరువు, బంగారుపాళెం చుట్టుపక్కల ఊళ్లవి. థీసిస్ ఇంగ్లీషులో రాయాలి. ల్యాప్‌టాప్ 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు.

రికార్డింగులను ఏఐతో రాయించి ఇంగ్లీషు చేయించొచ్చా? షీటును చాట్‌జీపీటీకి ఇచ్చి టేబుళ్లు, రిగ్రెషన్ చేయించొచ్చా? పాత పరిశోధనల సమీక్షకు ఎంతవరకు నమ్మొచ్చు? సబ్మిషన్‌కు ఏఐ శాతం ఎంత లోపు ఉండాలి? ఇంకొకటి, హాస్టల్లో నలుగురు కలిసి ఒకే పెయిడ్ అకౌంట్ వాడుతున్నారు, చేరమంటున్నారు. చేరొచ్చా?

కపిలతీర్థం_వాన

దీనికింత ఆలోచన ఎందుకు బ్రో. పేర్ల కాలమ్ డిలీట్ కొట్టి షీటు మొత్తం పడేయ్, రెండు నిమిషాల్లో టేబుళ్లు వస్తాయి. ఏఐ శాతం యూజీసీ రూల్ ప్రకారం 10 లోపు ఉంటే చాలు. ఎక్కువొస్తే ఏఐ రాతను మనిషి రాతలా మార్చే హ్యూమనైజర్ సైట్లు బోలెడు ఉన్నాయి.

కోడ్‌షీట్

పై సలహాలో మూడు ముక్కలున్నాయి, మూడూ తప్పే. శాతం సంగతి లైబ్రరీ వాళ్లెవరైనా చెప్తారు, నేను డేటా వరకు చెప్తాను.

పేరు కొట్టేస్తే మనిషి కనబడకుండా పోడు. మీ షీటులో ఊరు, సర్వే నంబరు రెండూ ఉంటే అడంగల్ (ఊరి భూమి రికార్డు) చూసేవాళ్లకు పట్టాదారు ఎవరో తెలిసిపోతుంది. ఫోన్ నంబరు, పాస్‌బుక్ నంబరు సరే సరి. 2025 సీజన్లో కిలోకు 4 రూపాయల ప్రభుత్వ సాయం గురించి అడిగి ఉంటే బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఎక్కడో ఒక మూల ఉండే ఉంటాయి, వెతకండి. ఇదంతా చాదస్తం అనుకోకండి. ఫలానా ఫ్యాక్టరీ తూకంలో కోత పెడుతోందని మీకు చెప్పిన రైతు, వచ్చే ఏడు కాయను అదే ఫ్యాక్టరీకి తోలాలి.

పని ఇలా మొదలుపెట్టండి. అసలు షీటును ముట్టుకోకుండా ఒక కాపీ తీయండి. పేరు, తండ్రి పేరు, ఫోను, ఆధార్, సర్వే నంబరు, ఖాతా నంబరు కాలమ్‌లు కాపీలోంచి పూర్తిగా తీసేయండి. హైడ్ చేస్తే చాలదు, హైడ్ చేసిన కాలమ్ ఫైలుతో పాటే వెళ్తుంది. తర్వాత R001 నుంచి R200 వరకు కోడ్లు ఇవ్వండి, కానీ సర్వే చేసిన వరసలో కాదు, కలిపేసి. వరసలో ఇస్తే మీరు ఏ రోజు ఏ ఊరు వెళ్లారో తెలిసినవాడు మనిషిని పట్టేస్తాడు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా వేరే ఫైలు. దాన్ని 7-జిప్‌లో ఏఈఎస్-256తో పాస్‌వర్డ్ పెట్టి మూసేయండి, పాస్‌వర్డును ఆ ఫైలున్న చోటే పెట్టకండి.

వయసును పదేళ్ల వర్గాలుగా, ఎకరాలను 2 లోపు, 2 నుంచి 5, 5 నుంచి 10, 10 పైన అని, ఊరిని మండలంగా మార్చండి. ఆపైన మండలం, ఎకరాలు, చదువు మూడూ పెట్టి పివట్ టేబుల్ వేయండి. ఏ గడిలోనైనా అయిదుగురి కంటే తక్కువ ఉంటే పక్క వర్గంతో కలిపేయండి. ఒక మండలంలో 10 ఎకరాల పైన తోపు ఉండి పీజీ చదివిన మనిషి ఒక్కడే అయితే ఆయన పేరు రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే.

చాలామంది మర్చిపోయేది చివర్లో ఉండే "ఇతర అభిప్రాయాలు" కాలమ్. "మా అల్లుడు సర్పంచి, అయినా టోకెను రాలేదు" అని ఉంటుంది అందులో. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రం చేయదు. 200 వరసలూ కళ్లతో చదవాల్సిందే.

ఇంత చేశాక కూడా షీటు ఎక్కించమని చెప్పను, ఎందుకంటే ఆ అవసరమే లేదు. ఏఐకి కావాల్సింది కాలమ్ పేర్లు, ఏ కాలమ్‌లో ఏ రకం విలువలు ఉంటాయి అన్నది, మీరు ఊహించి రాసిన అయిదు దొంగ వరసలు. వాటితో ఆర్‌లోనో పైథాన్‌లోనో కోడ్ రాయించుకుని, నిజం షీటు మీద మీ ల్యాప్‌టాప్‌లో మీరే నడపండి. డేటా బయటకు పోదు. రేపు వైవాలో ఈ పట్టిక ఎలా వచ్చిందని అడిగితే చూపించడానికి కోడ్ ఉంటుంది.

కోడ్ నడిచిందంటే సరైనదని కాదు. మామూలుగా కొంప ముంచేది ఖాళీ జవాబులు. 1 నుంచి 5 స్కేలులో జవాబు లేనిచోట 99 వేయడం మనవాళ్ల అలవాటు. ఆ సంగతి ఏఐకి చెప్పకపోతే అది 99ని కూడా అంకెగానే లెక్కేస్తుంది. 194 మంది సగటు 3 అనుకుందాం, ఆరుగురికి 99 ఉంది: 582కు 594 కలిపి 200తో భాగిస్తే 5.88. అయిదు దాటింది కాబట్టి దొరికిపోతుంది. అదే 99 ఒక్కరికే ఉంటే సగటు 3.48 అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి ప్రతి కాలమ్‌కూ ముందు కనిష్ఠం, గరిష్ఠం, ఖాళీల లెక్క తీయించండి. ఒక పట్టికనైనా ఎక్సెల్‌లో చేత్తో వేసి పోల్చండి.

ఇక అకౌంట్. నలుగురి అకౌంట్‌లో చేరొద్దు. హిస్టరీ అందరికీ కనిపిస్తుంది, ఒకరు డిలీట్ కొడితే అందరికీ పోతుంది, మెమరీ ఆన్‌లో ఉంటే ఇంకొకరి థీసిస్ సంగతులు మీ జవాబుల్లోకి వస్తాయి. సొంత అకౌంట్ ఉచితంది అయినా నయమే. చాట్‌జీపీటీ అయితే సెట్టింగ్స్, డేటా కంట్రోల్స్‌లోకి వెళ్లి "ఇంప్రూవ్ ద మోడల్ ఫర్ ఎవ్రీవన్" ఆఫ్ చేయండి. అది ఆఫ్‌లో ఉన్నా జవాబు కింద బొటనవేలి గుర్తు నొక్కితే ఆ సంభాషణ మొత్తం శిక్షణకు పోవచ్చు, కాబట్టి నొక్కకండి. జెమినైలో యాక్టివిటీ ఆఫ్ చేసినా చాట్‌లు 72 గంటల వరకు వాళ్ల దగ్గర ఉంటాయి. ఆన్‌లో ఉండి మనుషులు పరిశీలించిన చాట్‌లైతే మూడేళ్ల వరకు ఉంచుకుంటారు, మీరు డిలీట్ చేసినా సరే. అదే జెమినైని యూనివర్సిటీ ఇచ్చిన గూగుల్ వర్క్‌స్పేస్ మెయిల్‌తో తెరిస్తే షరతులు వేరు, ఆ చాట్‌లను శిక్షణకు వాడరు. సొంత జీమెయిల్‌తో తెరిచారా, కాలేజీ మెయిల్‌తో తెరిచారా అన్నది పైన మూలన ఉన్న బొమ్మ చూసి తేల్చుకోండి. సిమ్ రీచార్జ్‌తో ఉచితంగా వచ్చే ప్రీమియం ప్లాన్ కూడా మామూలు వినియోగదారు ప్లానే. ఖరీదైనది కదా అని డేటాకు అదనపు కాపలా ఏమీ ఉండదు.

గైడ్‌కు చూపించాలని చాట్ "షేర్" లింకులు చేయకండి. 2025లో అలా షేర్ చేసిన చాట్‌జీపీటీ సంభాషణలు గూగుల్ వెతుకులాటలో బయటపడ్డాయి, ఆ వెసులుబాటును కంపెనీయే తీసేసింది. చూపించాల్సింది ఉంటే వర్డ్‌లో అతికించి పంపండి.

చంద్రగిరి_కయ్యలు

రికార్డింగుల గురించి నేను చెప్తా. గొంతే ఒక గుర్తు. పేరు తీసేసినా ఊళ్లోవాళ్లు గొంతు విని చెప్పేస్తారు. కాబట్టి ఆడియోను ఏ వెబ్‌సైటుకూ ఎక్కించకుండా ల్యాప్‌టాప్‌లోనే రాయించుకోండి. మాటను రాతగా మార్చే విస్పర్ మోడల్‌ను డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా నడపొచ్చు. దాని లార్జ్-వీ3 ఫైలు సుమారు 3 జీబీ. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి అరగంట రికార్డింగుకు అరగంట కంటే ఎక్కువే తీసుకుంటుంది. రాత్రి పెట్టి పడుకోండి. విస్పర్-సీపీపీ (విస్పర్‌ను మామూలు కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాం) వాడితే ఆడియోను ముందు 16 కిలోహెర్ట్జ్, మోనో, వావ్ ఫైలుగా మార్చుకుంటే ఇబ్బంది ఉండదు. ఆడియో ఫైళ్లను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్క వరస కమాండ్ అది. తెలుగులో విస్పర్ అంత గట్టిది కాదు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ల మోడళ్లు మన భాషల కోసం చేసినవి, ఉచితం. ఒకే రికార్డింగు రెండిట్లో వేసి ఏది తక్కువ తప్పులు చేస్తే దాంతో పోండి.

భాష తెలుగు అని ముందే చెప్పాలి. చెప్పకపోతే విస్పర్ మొదటి 30 సెకన్లు విని తానే తేల్చుకుంటుంది. మన పక్క మాటలో అరవం కలిసుంటుంది గదా, మొదట్లో రైతు ఎవరినో అరవంలో పలకరించాడంటే రికార్డింగంతా అరవ లిపిలో దిగిపోతుంది. ఇంకో రోగం ఉండాది దానికి: ఎవరూ మాట్లాడని చోట, మోటారు మోతలోనో గాలి హోరులోనో, ఎవరూ అనని వాక్యాలు కల్పించి రాస్తుంది. చూస్తే చక్కగా ఉంటాయి. అందుకని టైం గుర్తులతో రాయించుకుని, మొత్తం విని సరిచూడాలి. ధరల దగ్గర రెండుసార్లు వినండి. "అయిదున్నర" అన్నది "అయిదు" అయిందంటే టన్నుకు 500 రూపాయల తేడా.

అనువాదం ఇంకా కష్టం. "ఈ యేడు కాపు లేదు" అంటే కులం గురించి అనుకుంటుంది. "రెండెకరాల ముప్పై సెంట్లు"లో సెంటును అత్తరు చేస్తుంది. "పూత రాలిపోయింది" అంటే గోడ సున్నం రాలినట్టు రాస్తుంది. "ర్యాంపు కాడ లోడు నిలిచిపోయింది" అంటే వాహనాలు ఎక్కే వాలు అని రాస్తుంది గానీ కాయ కొనే చోటని దానికి తెలియదు. తోపు, మండీ, కయ్య, మారుబేరగాడు, ఇట్లాంటివి ఒక 50 మాటలు అర్థాలతో పట్టికగా రాసుకుని ప్రతిసారీ ప్రాంప్టు మొదట్లో పెట్టండి. ఒకసారి పెట్టాం కదా అని వదిలేస్తే పొడుగు సంభాషణలో మధ్యలో మర్చిపోతుంది.

42లో ఒక అయిదు రికార్డింగులను ఏఐ చేసిన అనువాదం చూడని మనిషి చేత, ఈ పక్క యాస తెలిసినవారి చేత, విడిగా ఇంగ్లీషు చేయించి పోల్చండి. ఎక్కడ తేడాలొస్తాయో ఆ మాటలు పట్టికలో చేరతాయి. థీసిస్‌లో రైతు మాటను ఉటంకించే ప్రతిచోటా అనుబంధంలో తెలుగు మూలం ఉంచండి. ఇంగ్లీషు మాత్రమే ఉంచితే అది రైతు మాటో యంత్రం మాటో ఎవరు తేలుస్తారు?

గ్రంథాలయం_మెట్లు

10 శాతం గురించి. యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్నది సారూప్యత, అంటే ఇప్పటికే ఉన్న రాతతో మీ రాత ఎంత కలుస్తోంది అన్నది. 10 వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు సరిదిద్ది మళ్లీ ఇవ్వడానికి గరిష్ఠంగా 6 నెలలు. 40 నుంచి 60 అయితే ఏడాది వరకు మళ్లీ ఇవ్వకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, ఆధారం చూపించిన ఉటంకింపులు, వరసగా 14 మాటల వరకు యాదృచ్ఛికంగా కలిసినవి లెక్కలోకి రావు. ఏఐ శాతం అనేది ఈ నిబంధనల్లో లేనే లేదు, అది వేరే సాఫ్ట్‌వేరు వేరే విధంగా వేసే అంచనా. మీ యూనివర్సిటీ దానికి విడిగా హద్దు పెట్టిందేమో రీసెర్చ్ సెల్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో తిరిగే అంకె నమ్మకండి.

ఆ అంచనా ఎంత నిలకడ లేనిదంటే, టర్నిటిన్ (సారూప్యతను, ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేరు) 20 శాతం లోపు వస్తే అంకె కూడా చూపించదు, చుక్కగుర్తు మాత్రమే వేస్తుంది. చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే తన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం చాలలేదని 2023 జూలైలో ఎత్తేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు గుర్తింపు సాధనాలకు ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలను యంత్రం రాసిందని తప్పుగా ముద్ర వేశాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చిన్న చిన్న వాక్యాలు, పరిమితమైన మాటలతో రాస్తే సాధనానికి అనుమానం రావడంలో వింత లేదు. కాబట్టి మీకు కావాల్సింది తక్కువ శాతం కాదు, రాసింది మీరేనని చూపించే ఆధారం. గూగుల్ డాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లో ఉంచిన వర్డ్ ఫైలులోనో మొదటిరోజు నుంచి రాయండి, వెర్షన్ హిస్టరీ దానంతటదే ఉంటుంది. ఒకేసారి 20 పేజీలు అతికిస్తే ఆ హిస్టరీకి విలువ లేదు.

హ్యూమనైజర్ సైట్ల జోలికి అసలు పోకండి. ఎవరు నడుపుతారో తెలియని చోట అచ్చుకాని థీసిస్ పెట్టడం ఒక తప్పు. అవి మాటలు మార్చే తీరు రెండో తప్పు. ఇలా మార్చిన వ్యాసాల్లో డీప్ లెర్నింగ్‌ను "ప్రొఫౌండ్ లెర్నింగ్" అని, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అని రాసినవి 2021లో పరిశోధకులు వందల కొద్దీ బయటపెట్టారు. ఇప్పుడు ఆ జాబితాలు పట్టుకునే వెతుకుతున్నారు. ఉచిత ప్లేజియరిజం చెక్ సైట్లకూ ఇదే మాట. లైబ్రరీ ద్వారా టర్నిటిన్‌లో డ్రాఫ్టు చూపించుకునేటప్పుడు "నో రిపాజిటరీ" ఎంపిక పెట్టమనండి. లేకపోతే ఫైనల్ కాపీ మీ పాత డ్రాఫ్టుతోనే కలిసి కూర్చుంటుంది.

రిఫరెన్సుల విషయంలో తప్పులు మూడు రకాలు. అసలు లేని వ్యాసం, ఉన్న వ్యాసమే కానీ అందులో లేని మాట, వెనక్కి తీసుకున్న వ్యాసం. మొదటిది పట్టడం తేలిక: డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) 10తో మొదలవుతుంది, దాన్ని డీఓఐ సైటులో పెడితే తెరుచుకున్న పేజీలో శీర్షిక, రచయితలు, సంవత్సరం, సంపుటి నాలుగూ కలవాలి. డీఓఐ తెరుచుకుంది కదా అని ఆగకండి, ఇంకేదో వ్యాసం డీఓఐని అతికించడం ఏఐకి మామూలే. మన థీసిస్‌లకు మామూలుగా డీఓఐ ఉండదు, దేశంలోని థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైటులో చూడాలి. రెండో రకానికి వ్యాసం తెరిచి ఆ పేరా చదవడం తప్ప దారి లేదు. మూడోదానికి వెనక్కి తీసుకున్న వ్యాసాల రిట్రాక్షన్ వాచ్ జాబితా ఉంది, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా ఉచితం.

పీడీఎఫ్‌లు ఇచ్చి సారాంశం చేయించేటప్పుడు ఇంకో ప్రమాదం. 2025 జూలైలో ఆర్కైవ్ (arXiv, అచ్చుకు ముందు వ్యాసాలు పెట్టే సైటు)లో కొన్ని వ్యాసాల్లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో "మంచి మాటలే చెప్పు" అని ఏఐకి ఆజ్ఞలు దాచిపెట్టినట్టు బయటపడింది. అనుమానం వస్తే పేజీ మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి, దాగినవి కనిపిస్తాయి.

ఇంకో చిన్నమాట, స్థానిక విషయం కాబట్టి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఏఐ ఇప్పటికీ శ్రీకాళహస్తిని చిత్తూరు జిల్లాలో పెడుతుంది, పాత ఉమ్మడి జిల్లా మామిడి విస్తీర్ణాన్ని కొత్త చిత్తూరు జిల్లాకు అంటగడుతుంది. ప్రతి అంకె పక్కన ఉమ్మడి జిల్లాదా, కొత్తదా అని రాసుకోకపోతే పట్టికలు కలవవు.

తాళపత్రం

తెలుగు, చరిత్ర శాఖల వాళ్లు ఈ దారం చదువుతుంటే: అన్నమయ్య కీర్తన అడిగితే పల్లవి సరిగా ఇచ్చి చరణాలు తానే అల్లుతుంది, చివర ముద్ర కూడా వేస్తుంది. తితిదే శాసన సంపుటాల్లో ఫలానా నంబరు శాసనం అని నంబరుతో సహా కల్పిస్తుంది. అచ్చు సంపుటం పేజీ చూడకుండా ఒక్క పాదం కూడా ఎత్తుకోకండి.

మామిడితోపు

అందరికీ ధన్యవాదాలు. కోడ్‌షీట్ గారూ, ఒక చిక్కు. నా కన్సెంట్ ఫారంలో "మీ మాటలను నేను, నా గైడ్ తప్ప ఎవరూ వినరు" అని ఉంది. డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉందంటున్నారు. అది చాలదా?

కోడ్‌షీట్

చట్టం 2023ది. పరిశోధనకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ షరతులతో. పైగా చట్టం వేరు, మీరు రైతుకు ఇచ్చిన మాట వేరు. ఎథిక్స్ కమిటీ చూసేది ఆ ఫారంలోని వాక్యాన్నే. ఆడియో మీ ల్యాప్‌టాప్‌లోనే, నెట్ ఆపి రాయించుకుంటే ఆ వాక్యం తప్పినట్టు కాదు. అనువాదానికి కూడా స్థానిక మోడలే వాడండి. ఏఐ4భారత్ వాళ్ల అనువాద మోడల్ ఇండిక్‌ట్రాన్స్2 ఉంది, లేదా ఓలామా (మోడళ్లను సొంత కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాం)లో గూగుల్ వాళ్ల జెమ్మా3. జెమ్మా3లో చిన్నదైన 4బీ ఫైలు 3.3 జీబీ, 12బీ అయితే 8.1 జీబీ. మీ 16 జీబీలో 12బీ నడుస్తుంది, మెల్లగా. బ్రౌజర్ మూసేసి నడపండి. ఓలామాలో పేరు చివర "క్లౌడ్" అని ఉన్న మోడళ్లు మాత్రం మీ దగ్గర నడవవు, మాటంతా వాళ్ల సర్వర్‌కు పోతుంది. వైఫై ఆపి ఒక ప్రశ్న అడిగితే ఏది ఎక్కడ నడుస్తోందో తెలిసిపోతుంది.

చంద్రగిరి వారు చెప్పిన అయిదు రికార్డింగుల పోలికకు కూడా ఆడియో బయటివారికి వినిపించకండి, పేర్లు తీసేసిన తెలుగు రాతప్రతి ఇవ్వండి. దానికైనా, బయటి ఏఐ వాడడానికైనా ముందు కమిటీకి సవరణ పెట్టండి. కొత్త ఇంటర్వ్యూల ఫారంలో ఇలా రాయొచ్చు: "మీ మాటలను కంప్యూటర్ ప్రోగ్రాం సాయంతో రాతలోకి మారుస్తాం. పేరు, ఊరు, సర్వే నంబరు, ఫోను నంబరు తీసేసిన రాతప్రతిని అనువాదం కోసం, సరిచూడడం కోసం ఇతరులకు లేదా బయటి ప్రోగ్రాంలకు ఇవ్వవచ్చు. మీ గొంతును ఇవ్వం. వద్దనుకుంటే ఇక్కడ టిక్కు పెట్టండి." చదవలేనివారికి చదివి వినిపించి, వినిపించినట్టు సాక్షి సంతకం తీసుకోండి.

గ్రంథాలయం_మెట్లు

వెల్లడి వాక్యం కూడా రాసి పెట్టుకోండి. మెథడాలజీ అధ్యాయంలో ఉండాలి, కృతజ్ఞతల్లో కాదు. ఏ సాధనం, ఏ వెర్షన్, ఏ నెలల్లో, ఏ పనికి, ఎలా సరిచూశారు అన్న అయిదూ రావాలి. ఉదాహరణకు: "ఇంటర్వ్యూల రాతప్రతులను విస్పర్ లార్జ్-వీ3తో సొంత కంప్యూటర్‌లో తయారుచేసి, అన్నిటినీ ఆడియోతో సరిచూశాను. గణాంక కోడ్ రాయడానికి ఫలానా సాధనం వాడాను, రైతుల డేటా దానికి ఇవ్వలేదు. కోడ్ అనుబంధం 3లో ఉంది." ఏఐని సహరచయితగా ఏ మంచి జర్నలూ ఒప్పుకోదు, రాతకు బాధ్యత వహించలేదు కాబట్టి.

చంద్రగిరి_కయ్యలు

ఇవన్నీ చేసేముందు ఒకటి చూడండి. రికార్డింగులు తీసింది ఫోన్లో కదా. ఆ రికార్డర్ యాప్ క్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉందా? ఆన్‌లో ఉంటే 42 ఫైళ్లూ ఎప్పుడో బయటికి పోయుంటాయి. గైడ్‌గారికి వాట్సాప్‌లో పంపినవి ఉంటే రెండు ఫోన్లలోనూ ఉంటాయి, వాట్సాప్ బ్యాకప్‌లో కూడా. ముందు బ్యాకప్ ఆపి, ఫైళ్లు ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని, మొత్తం 42 తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే డ్రైవ్‌లోవి తీసేయండి. డ్రైవ్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి, అదీ ఖాళీ చేయండి.